మోటారు మరమ్మతు విద్య: షెడ్డు, డిపో, కళాశాల

మన దేశమున ఒక విద్యకు గౌరవము కలుగవలెనన్నచో ముందుగా దానికొక గ్రంథమును, పిమ్మట ఒక పాఠశాలను, తుదకొక పట్టాను కల్పించుట పరిపాటి. మోటారు వాహనముల మరమ్మతు అను విద్య మాత్రము ఈ క్రమమును పాటింపక, దాదాపు అర్ధశతాబ్దికాలము రోడ్డు ప్రక్కని రేకుల షెడ్డులలో, నూనె మరకల నడుమ పెరిగి పెద్దదైన తరువాతనే కళాశాల గుమ్మము త్రొక్కినది. నేడు ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను ఆటోమొబైల్ ఇంజనీరింగు డిప్లొమా చదువు విద్యార్థి ఇంజను సిద్ధాంతముతోబాటు జాబ్ కార్డు వ్రాయుట, విడిభాగముల నిల్వ లెక్కించుట, పనికి పట్టు గంటలను అంచనా కట్టుట మొదలైన సర్వీసు నిర్వహణ పాఠములను కూడ నేర్చుకొనుచున్నాడు. మరమ్మతు, నిర్వహణ అను ఈ రెండును ఒకే పాఠ్యప్రణాళికలో ఇమిడియుండుటచే ఒకే వంశమునకు చెందినవని తోచును. నిజమునకు వాటి పుట్టుకలు వేరు, పెంపకములు వేరు. మరమ్మతు షెడ్డులో పుట్టిన బిడ్డ; నిర్వహణ బస్సు డిపోలో పుట్టిన బిడ్డ; కళాశాల ఆ రెంటిని చాల ఆలస్యముగా చేరదీసిన పెంపుడుతల్లి.

తెలుగునేలపై ఈ వృత్తి చరిత్రను పెట్రోలుతో గాక ఆవిరితో ఆరంభింపవలసియున్నది. 1840లో గుఱ్ఱపుబండ్ల నిర్మాణశాలగా మద్రాసులో వెలసిన సింప్సన్ కంపెనీయందు పనిచేయుచుండిన శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఒక ఆవిరి కారును నిర్మించెను. అదే కంపెనీ నిర్మించిన ఆవిరి బస్సొకటి బెజవాడ (నేటి విజయవాడ) మచిలీపట్నముల నడుమ ప్రయాణికులను మోసినది. రాజధానియైన మద్రాసు నగరమునకు దూరముగా, కృష్ణాతీరపు రోడ్డుపై ఆ వింత వాహనము తిరుగుట కేవలము దైవికమని నేననుకొనను. 1889లోనే సికింద్రాబాదు నుండి నిజాము రైలుమార్గము బెజవాడను చేరియుండెను. మద్రాసు వైపునుండియు కలకత్తా వైపునుండియు వచ్చు మార్గములు కూడ శతాబ్ది ముగియులోపలనే అచ్చట కలిసికొన్నవి. రైలింజనులున్నచోట వాటిని విప్పి కూర్చు ఫిట్టర్లుందురు, బాయిలరునకు నిప్పు వేయువారుందురు, ఆవిరి ఎంత ముదిరినదో గుర్తెరుగువారుందురు. ఆ పిమ్మటి దశాబ్దములలో డెల్టా గ్రామములందు బియ్యపు మిల్లులు వెలసినప్పుడు ఆయిలు ఇంజనుల వెంట మరికొందరు ఫిట్టర్లు తయారైరి. కావున మోటారు వచ్చునప్పటికి దానిని విప్పగల చేతులు కృష్ణా మండలమున ఇంచుమించు సిద్ధముగనే ఉండెనని చెప్పవచ్చును.

ఫోర్డు కంపెనీ 1926లోను, జనరల్ మోటార్సు కంపెనీ 1928లోను మన దేశమున విడిభాగములను కూర్చి బండ్లను తయారుచేయు కర్మాగారములను నెలకొల్పిన తరువాత బస్సుల సంఖ్య వేగముగా పెరిగినది. ఆ రోజులలో బస్సు యజమానికి కంపెనీనుండి వచ్చునది ఇంజనును చక్రములును గల చాసిస్ మాత్రమే. దానిపై కొయ్య చట్రము కట్టి, రేకు కప్పి, బల్లలు బిగించి బస్సను రూపము కల్పించువాడు నిన్నటివరకు రథములకును ఎడ్లబండ్లకును పని చేసిన వడ్రంగి. కమాను కట్టలు విరిగినచో కొలిమిలో పెట్టి సాగగొట్టువాడు ఊరి కమ్మరి. ఇంజను సంగతి చూచువాడెవడనగా, తరచుగా డ్రైవరే. బస్సు ఊరి పొలిమేరలో నిలిచిపోయినచో మెకానిక్కునకై కబురంపుటకు దిక్కులేని కాలమగుటచే, తోలుట నేర్చినవాడు విప్పుట కూడ నేర్వక తప్పకుండెను. క్లీనరుగా చేరి, డ్రైవరై, కన్ను మందగించిన పిమ్మట షెడ్డు పెట్టుకొని మెకానిక్కుగా స్థిరపడుట ఆ తరమువారిలో పలువురి జీవితక్రమము. ఈ వృత్తికి తొలి ఆచార్యులు వీరే.

షెడ్డులోని విద్యాభ్యాసమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన దానిని వ్రాసిపెట్టినవారు తక్కువ. ఆ రోజులలో పది పండ్రెండేండ్ల బాలుడు తండ్రి చేయి పట్టుకొని వచ్చి మేస్త్రీకి అప్పగింపబడును. మొదటి సంవత్సరమున వానికి రెంచి పట్టు యోగ్యత లేదు. కిరసనాయిలు తొట్టియొద్ద కూర్చుండి, విప్పిన భాగములను బ్రష్షుతో కడిగి, గుడ్డతో తుడిచి, విప్పిన వరుసలోనే గోనెపట్టాపై పరచుట వాని పని. ఈ వరుసలోనే అసలు పాఠమున్నది. గేరుబాక్సులోని పండ్లచక్రములు, షిమ్ములు, బేరింగులు ఏది దేని తరువాత వచ్చునో ఒక్కసారి తప్పు పరచినచో మేస్త్రీ చేతి దెబ్బ వీపుపై పడును. ఆ విధముగా యంత్రము యొక్క అంతర్నిర్మాణము పటము లేకయే శిష్యుని మనస్సునకెక్కును. పిమ్మట పనిముట్ల వంతు. బండి క్రింద వెల్లకిల పరుండిన మేస్త్రీ చేయి మాత్రము వెలుపలికి చాచి, "ఒరేయ్, పన్నెండు-పదమూడు అందుకో" అనగానే చూడకుండ తీసి అందింపవలెను; పదునాలుగు అందించినచో అదే రెంచి తిరిగి వాని కాలిపై పడినను ఆశ్చర్యము లేదు.

ఆ తరువాత చెవికి శిక్షణ. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను నడుచుచున్న ఇంజను దిమ్మెకు ఆనించి, కొయ్యపిడిని చెవికి చేర్చి వినుచు, పైన వాల్వుల చప్పుడేదో, అడుగున కనెక్టింగ్ రాడ్ బేరింగు కొట్టుచున్న చప్పుడేదో విడదీయగలవాడే మెకానిక్కు. పొగను చూచి రోగము చెప్పుట కంటికి శిక్షణ: నల్లని పొగ ఇంధనము ఎక్కువైనదానికి, నీలి పొగ లోపలి ఆయిలు మండుచున్నదానికి, విడువని తెల్లపొగ నీరు చేరినదానికో ఇంధనము మండకపోయినదానికో గుర్తు. పాత ఆయిలును బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ రుద్ది, ఇసుకవలె లోహపు రజను తగిలినచో బేరింగు అరుగుచున్నదని గ్రహించుట స్పర్శకు శిక్షణ. కొలపరికరము కొనలేని షెడ్డులలో గడ్డము గీచుకొను బ్లేడే ఫీలరు గేజి. దాని మందము అంగుళములో వేయింట నాలుగు వంతులని మేస్త్రీకి తెలియకపోవచ్చును గాని, టాపెట్టు సందున అటువంటివి ఎన్ని దూరవలెనో ఖండితముగా తెలియును. ఆరు సిలిండర్ల ఇంజనులో నిప్పు ఏ వరుసలో అంటుకొనునో, ఒకటి అయిదు మూడు ఆరు రెండు నాలుగు అని, అక్షరము రానివాడును కంఠస్థముగా చెప్పును.

ఈ పద్ధతిని పొగడువారు గురుకులముతో పోల్చుట కలదు. నాకంత ఉత్సాహము లేదు. శిష్యునకు జీతము లేదు. పండుగకొక జత బట్టలు, రోజుకు రెండు పూటల టీ. బడి మానిన బాలుని చేతులు గ్రీజుతో పగిలిపోవుచుండగా అది విద్య యనుట పెద్దవారి సౌకర్యము కొరకు చేసిన నిర్వచనము. అంతకన్న చిక్కైన దోషము మరొకటి: గురువు అన్నియు చెప్పడు. టైమింగు కలుపు వేళకో, వాల్వుల సందు సరిచూచు వేళకో శిష్యుని టీకి పంపు మేస్త్రీలు ప్రతి ఊరనుండిరి. రహస్యమే వాని ఆస్తి. దానిని పంచిపెట్టినచో రేపు శిష్యుడు ఎదుటి వీథిలో షెడ్డు తెరచునని భయము. ఇట్లు ఒక్కొక్కని చేతిలో ఎంత నైపుణ్యమున్నను, వాని మరణముతో సగము నశించుచుండెను. ఈ లోపమును షెడ్డు తనంతట తాను ఎన్నడును తీర్చుకొనలేదు.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. 1939లో మోటారు వాహనముల చట్టము వెలువడి బండి యోగ్యతను ప్రభుత్వోద్యోగి పరీక్షించి పత్రమీయవలెనను నియమము బిగిసినది. 1941లో పెట్రోలుకు రేషను వచ్చినది. అప్పుడు బస్సు వెనుక పెద్ద ఇనుప పీపాయి నొకదానిని అమర్చి, బొగ్గును సగము కాల్చి, ఆ వాయువుతో ఇంజనును నడుపు ఏర్పాటు వ్యాపించినది. తెల్లవారుజామున క్లీనరు పంకా త్రిప్పి త్రిప్పి నిప్పు రగిల్చిన అరగంటకుగాని బండి కదలెడిది కాదు. ఎత్తు వచ్చినచో ప్రయాణికులు దిగి నెట్టుటయు కలదు. నాటి ప్రయాణికులు దీనిని నవ్వులాటగా చెప్పుకొన్నారు గాని, మెకానిక్కులకది కఠినమైన పరీక్ష. వడగట్టుట చాలక బొగ్గుమసి సిలిండరులోనికి పోయినచో పిస్టను రింగులు కొలది కాలమునకే అరుగును. గాలి, ఇంధనము, నిప్పు అను మూడింటి సంబంధమును ఆ తరమువారు గ్రంథములలో చదువలేదు. బొగ్గువాయువు ఇంజనుతో కుస్తీపట్టి తెలిసికొనిరి.

అదే యుద్ధము మరొక మేలు చేసినది. 1943లో భారతసైన్యమున విద్యుత్ యాంత్రిక ఇంజనీర్ల దళము ఏర్పడినప్పుడు వేలకొలది యువకులు దానిలో చేరి, అచ్చువేసిన మాన్యుయల్ ముందుంచుకొని, కొలిచి బిగించుట నేర్చిరి. యుద్ధానంతరము వారు విడుదలై వచ్చిరి; వారితోబాటు సైన్యము అమ్మివేసిన లారీలును వచ్చినవి. లారీ వ్యాపారము చేపట్టిన పలువురకు ఈ పాత మిలిటరీ బండ్లే తొలి పెట్టుబడియైనవి. సైన్యము నుండి వచ్చిన మెకానిక్కు షెడ్డులో చేరినప్పుడు పాత మేస్త్రీకిని వానికిని పొసగెడిది కాదు. ఒకడు బోల్టును బిగించునప్పుడు మణికట్టుకు తోచినంత బిగించును. రెండవవాడు ఇన్ని పౌన్ల బలమని పుస్తకము చూచును. పుస్తకము చదివిన చేయి మన రోడ్లపై పనిచేయుట అదియే ఆరంభము. కళాశాలలకు అది కొన్ని సంవత్సరములు పూర్వము.

స్వాతంత్ర్యానంతరము జరిగిన పరిణామములలో ఒకదానిని షెడ్డువారు తమ సంచి బరువును బట్టి గుర్తుంచుకొనిరి. అప్పటివరకు ఇంగ్లీషు బండ్లకు విట్‌వర్త్ కొలతల రెంచీలు, అమెరికా బండ్లకు అంగుళపు కొలతల రెంచీలు, రెండు జతలుండిన చాలెడిది. 1953లో టారిఫ్ కమిషను, దేశములో క్రమముగా తయారుచేయు ప్రణాళిక లేని కూర్పు కంపెనీలు పని ముగించుకొనవలెనని సిఫారసు చేయగా ఫోర్డును జనరల్ మోటార్సును తరలిపోయినవి. 1954లో జంషెడ్‌పూరున టాటా మెర్సిడెస్ బెంజి లారీ వెలువడినది. మరుసటి యేడు మద్రాసులోని అశోక్ మోటార్సు, ఇంగ్లండులోని లేలండుతో కలిసి అశోక్ లేలండైనది. జర్మను సంప్రదాయపు టాటా బండి మిల్లీమీటర్ల కొలతలతో వచ్చుటచే మెకానిక్కు మూడవ జత రెంచీలు కొనవలసివచ్చినది. అంతకన్న పెద్ద మార్పు డీసెలు. డీసెలు ఇంజనులో ప్లగ్గు లేదు, కార్బొరేటరు లేదు. ఇంధనమును మహాపీడనముతో సూదిమొనవంటి రంధ్రముల గుండ చిమ్ము పంపును నాజిలును ఉన్నవి. వీటి భాగముల నడుమ సందు వెండ్రుక మందములో చిన్న పాలు మాత్రమే. ధూళికణము చేరినను పని చెడును. 1951లో బాష్ కంపెనీ సహకారముతో ఏర్పడిన మైకో కంపెనీ కర్మాగారము బెంగుళూరులో నెలకొన్న తరువాత ఈ పంపులు దేశములోనే లభ్యమైనవి. వాటిని పరీక్షించు యంత్రము గల ప్రత్యేకపు కొట్టులు వెలసినవి. గాజు తలుపులు వేసికొని, చేతులు కడిగికొని పనిచేయు మెకానిక్కును మన ప్రజలు మొదటిసారి చూచినది ఆ పంపు కొట్టులలోనే.

ఇక డిపో కథ చెప్పవలెను. అది హైదరాబాదున ఆరంభమగును. 1932 జూను మాసమున నిజాము రాజ్యపు రైల్వేశాఖ తన అధీనమున ఒక రోడ్డు రవాణా విభాగమును ఏర్పరచి 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను నడుపసాగెను. ఆ బస్సులు ఆల్బియన్ కంపెనీవి. సంఖ్యలు స్వల్పములే, కాని "రైల్వేశాఖ" అను మాటలో ఈ వ్యాసమునకు కావలసిన విషయమంతయు ఉన్నది. రైలింజను నడిమార్గమున ఆగినచో ప్రక్కకు నెట్టి మరమ్మతు చేయుటకు వీలు లేదు. వెనుక వచ్చు బండ్లన్నియు ఆగును. అందుచేత రైల్వేవారు ఇన్ని దినములకు బాయిలరు కడుగవలెనని, ఇన్ని మైళ్ళకు ఫలానా భాగమును విప్పి చూడవలెనని నియమములేర్పరచుకొని, చూచినట్లు పుస్తకములో సంతకము చేయు అలవాటు పెట్టుకొనిరి. రైల్వేశాఖ బస్సులు నడుపుటకు పూనుకొన్నప్పుడు ఈ అలవాటు కూడ బస్సు వెంట వచ్చినది. చెడిన పిమ్మట బాగుచేయుట షెడ్డు ధర్మము. చెడకముందే విప్పి చూచుట డిపో ధర్మము.

ఈ భేదము చిన్నదికాదు. షెడ్డులో జ్ఞాపకము మేస్త్రీ తలలో నుండును. డిపోలో అది రిజిస్టరులో నుండును. సాయంకాలము బస్సు లోనికి రాగానే డ్రైవరు తాను గమనించిన లోపములను పుస్తకమున వ్రాయును. రాత్రి మెకానిక్కు దానిని చూచి పనిచేసి, చేసినది వ్రాయును. రోజువారీ పరీక్ష, వారపు పరీక్ష, ఇన్ని కిలోమీటర్లకు ఆయిలు మార్పు, అన్ని కిలోమీటర్లకు ఇంజను దించుట అని అంచెలంచెలుగా పని సాగును. ఏ టైరు ఎన్ని కిలోమీటర్లు నడచినదో, ఎన్ని మారులు రీట్రెడింగ్ జరిగినదో టైరుకొక చరిత్ర యుండును. లీటరు డీసెలునకు ఎన్ని కిలోమీటర్లు వచ్చినవను అంకె డిపో మేనేజరునకు నిద్రలోనైనను మరపునకు రాదు. వంద బస్సుల నెలసరి లెక్కను ఎదుటనుంచుకొని, ఫలానా భాగము ఫలానా దూరమున విరుగుచున్నదని తేల్చుట ఏ ఒక్క మేస్త్రీ చెవికిని కంటికిని సాధ్యము కాని పని. నేడు కళాశాలలో సర్వీసు నిర్వహణ పేర బోధింపబడు పాఠములలో ముఖ్యమైన భాగమంతయు డిపో రిజిస్టరులోనిదే యని నా దృఢాభిప్రాయము.

1951 నవంబరులో ఈ విభాగము రైల్వేనుండి విడివడి హైదరాబాదు రాష్ట్రప్రభుత్వము క్రిందికి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట 1958 జనవరి 11న రోడ్డు రవాణా సంస్థగా అవతరించినది. అంతట హైదరాబాదు డిపో పద్ధతి తీరాంధ్రమునకు కదలినది. ప్రైవేటు బస్సు మార్గములను సంస్థ వశము చేయు ప్రయత్నము మొదట తగిలిన మండలములలో కృష్ణ ఒకటి. అచ్చటి బస్సు యజమానులు బలవంతులు, వ్యాజ్యమునకు వెనుదీయువారు కారు. వారు సుప్రీంకోర్టువరకు పోయిరి. గుళ్ళపల్లి నాగేశ్వరరావు పేర నడచిన ఆ వ్యాజ్యమున, అభ్యంతరములను విన్నది కార్యదర్శి, తీర్పు చెప్పినది మంత్రి యగుటచే అది న్యాయము కానేరదని కోర్టు ప్రభుత్వోత్తర్వును కొట్టివేసినది. తీర్పును వ్రాసిన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. నేటికిని న్యాయశాస్త్ర విద్యార్థులు చదువు ఆ తీర్పునకు మూలము బెజవాడ ప్రాంతపు బస్సులన్న సంగతి మెకానిక్కులకు తెలియదు, వకీళ్ళకు పట్టదు. ఏమైనను ఆ విజయము తాత్కాలికమే. ప్రభుత్వము లోపమును సరిదిద్దుకొని మరల వచ్చినప్పుడు కోర్టు ఆ ఏర్పాటును నిలిపినది, బస్సులు క్రమముగా సంస్థ వశమైనవి.

దీని ఫలితము మన వృత్తిపై విచిత్రముగా పడినది. బస్సు డిపోలోనికి పోయినది. లారీ జాతీయము కాలేదు గనుక షెడ్డునకే మిగిలినది. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియై దానిమీదుగా కృష్ణను దాటు రోడ్డు ఏర్పడుటతో మద్రాసు కలకత్తా మార్గమున పోవు లారీలకు బెజవాడ మజిలీయైనది. గుంటూరు మిరప, పొగాకు, డెల్టా ధాన్యము ఎగుమతి కావలసినవే. ఊరినడుమ రోడ్ల ప్రక్కన షెడ్డులు క్రిక్కిరిసి, బండ్లు నిలుపుటకు చోటు లేక, 1960ల దశకములో నగరపు తూర్పు అంచున జవహర్ ఆటోనగర్ వెలసినది. అది ఆసియాలోనే పెద్దదని ఊరివారి నమ్మకము. ఆసియానంతటిని తిరిగి కొలిచినవారెవరో నేనెరుగను గాని, చూచినవారికి అట్లు అనుకొనుట అసహజమనిపించదు. అచ్చట ఒక్కొక్క వీథి ఒక్కొక్క విద్యకు ప్రసిద్ధి: ఒకచోట బాడీ కట్టువారు, ఒకచోట కమాను కట్టలవారు, ఒకచోట రేడియేటరు మాటువేయువారు, ఒకచోట క్రాంకుషాఫ్టు సానపట్టు లేతువారు, ఒకచోట పాత బండ్లను విప్పి అమ్మువారు. ఒక మేస్త్రీ అన్నియు చేయు కాలము పోయి, పనిని పంచుకొను కాలము వచ్చినది. ఇంజనులో ఏది చెడినను దానికొక నిపుణుడు నడకదూరములో దొరకుటచే, రహస్యమును దాచుకొను పాత గుణము కూడ కొంత సడలినదని నేననుకొందును. ఒకని రహస్యము వేరొకనికి పనికిరానప్పుడు దాచి ప్రయోజనమేమి?

కళాశాల ఈ రంగమున ప్రవేశించుట రెండు ద్వారములగుండ జరిగినది. పై ద్వారము మద్రాసులోనిది. సి. రాజముగారు తమ భవనమును అమ్మివేసి 1949లో క్రోంపేటలో స్థాపించిన మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విమానము, ఆటోమొబైలు, ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంట్లు అను నాలుగు శాఖలను బి.యస్‌సి. పట్టభద్రులకు బోధింపసాగిరి. ఇది వాహనమును రూపొందించువానిని ఉద్దేశించిన చదువు. క్రింది ద్వారము 1950లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన చేతిపనివారల శిక్షణపథకము. దాని ఫలమే ఐ.టి.ఐ.లు, వాటిలోని మోటారు మెకానిక్కు, డీసెల్ మెకానిక్కు తరగతులు. ఈ రెంటికి నడుమ కాకినాడ, విజయవాడ వంటి పట్టణముల పాలిటెక్నిక్కులలో ఆటోమొబైల్ డిప్లొమా వచ్చి చేరినది. ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో కూడ ఆటోమొబైల్ టెక్నీషియను కోర్సు పిమ్మట ఏర్పడినది.

కళాశాల ఏమి తెచ్చినదని అడిగినచో, మొదటిది ఎందుకను ప్రశ్న. షెడ్డులో ఎట్లు అని నేర్పుదురు. ఎందుకని అడిగిన శిష్యుని అధికప్రసంగిగా ఎంతురు. అడ్డముగా కోసి రంగులు పూసిన ఇంజను నమూనాను బల్లపై నుంచి, పిస్టను దిగునప్పుడు గాలి ఎందుకు లోనికి వచ్చునో, పీడనమెంత పెరిగినచో డీసెలు తనంతట తాను అంటుకొనునో బోధించు అధ్యాపకుడు, టీకి పంపిన శిష్యునకు దాచిన రహస్యమును నలుబది మందికి ఒకేసారి చెప్పివేయును. ఇది సామాన్యమైన విప్లవము కాదు. రెండవది డిపో రిజిస్టరును పాఠముగా మార్చుట. కాని ఒకటి మాత్రము కళాశాలవలన కాలేదు: కోసిన ఇంజను ఎన్నడును చెడదు, పొగ వదలదు, వింత చప్పుడు చేయదు. ప్రయోగశాలలో పది సంవత్సరములుగా విప్పబడి కూర్పబడుచున్న ఆ ఒక్క ఇంజను బోల్టుల గాడులు అరిగి, దానిని విప్పుటకు బలముగాని నేర్పుగాని అక్కరలేని స్థితికి వచ్చియుండును. పరీక్షలో మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడైన యువకుడు లారీ చక్రము నట్టు రాక తెల్లబోవుటను చూచి షెడ్డు కుర్రవాండ్రు నవ్వుట అనేకచోట్ల జరిగిన వేడుక.

కళాశాల చదువొక్కటే చాలదను సంగతిని చట్టములు మొదటినుండియు గుర్తించినట్లే యున్నవి. 1961 నాటి అప్రెంటిసుల చట్టము కర్మాగారములు యువకులను చేర్చుకొని పని నేర్పవలెనని శాసించినది. 1973లో దానిని సవరించి డిప్లొమా వారిని, ఇంజనీరింగు పట్టభద్రులను కూడ దాని పరిధిలోనికి తెచ్చిరి. ఆర్.టి.సి. డిపోలలోను వర్క్‌షాపులలోను అట్లు పని నేర్చినవారు తెలుగు జిల్లాలన్నిట కలరు. గల్ఫు దేశములకు పోదలచినవారికి షెడ్డు అనుభవముతోబాటు ఐ.టి.ఐ. పత్రము చేతనుండుట మేలని తెలిసిన పిమ్మట, షెడ్డులో పదేండ్లు పనిచేసినవాడు తరగతిలో కూర్చుండుటయు, తరగతిలో ఉన్నవాడు సాయంకాలము షెడ్డునకు పోవుటయు సాధారణమైనది.

1983 డిసెంబరులో మారుతి కారు రోడ్డెక్కిన పిమ్మట కార్ల రంగమున మరొక వ్యవస్థ బలపడినది. కొన్నవానికి ఒక చిన్న పుస్తకమునిచ్చి, ఇన్ని కిలోమీటర్లకు వచ్చి చూపించుకొనుమని, రానిచో వారంటీ చెల్లదని చెప్పు కంపెనీ సర్వీసు కేంద్రము అది. పరికించి చూచినచో ఇది డిపో రిజిస్టరే. యజమాని మారినాడు, అంతే. అచ్చట బండిని తెచ్చినవానితో మాట్లాడువాడు మెకానిక్కు కాడు, సర్వీసు అడ్వైజరు. వాడు కస్టమరు చెప్పిన బాధను జాబ్ కార్డుపైకెక్కించి, ఖర్చు అంచనా వేసి, సాయంకాలము ఇన్ని గంటలకని మాట ఇచ్చును. ఈ ఉద్యోగము డిప్లొమా విద్యార్థుల కొరకే పుట్టినట్లున్నది. షెడ్డు మేస్త్రీ ఈ మూడు పనులను నోటిమాటతో, కొంత బేరముతో, చాలవరకు నమ్మకముతో నిర్వహించుచుండెను. ఆ నమ్మకమునకు బదులుగా వచ్చిన కాగితమును చూచి పాతకాలపు లారీ యజమానులు నేటికిని నొసలు ముడుతురు.

2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ ఆరు నియమములు అమలులోనికి వచ్చునప్పటికి లారీలో కూడ కంప్యూటరు ప్రవేశించినది. పొగ రంగును చూచి రోగము చెప్పుటకు ఆ బండి పొగ వదలదు. లోపమేమో తెలియవలెనన్నచో స్కానరు తగిలించి సంకేతసంఖ్యను చదువవలెను. ఆటోనగర్‌లోని మేస్త్రీలలో కొందరు స్కానర్లు కొనిరి. మరికొందరు స్కానరు చదువగల డిప్లొమా కుర్రవానిని జీతమిచ్చి పెట్టుకొనిరి. కుర్రవాడు సంఖ్యను చదివి ఫలానా సెన్సారు చెడినదని చెప్పును. మేస్త్రీ వంగి చూచి, సెన్సారు బాగున్నది, దాని తీగను ఎలుక కొరికినదని చెప్పును.

పట్టాకును షెడ్డు అనుభవమునకును గల సంబంధమును గూర్చి ప్రభుత్వపు ఆలోచన ఎట్లుండెనో మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు పదవికి ఏర్పరచిన అర్హతలను చూచిన తెలియును. బండ్ల యోగ్యతను పరీక్షించు ఆ ఉద్యోగికి 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి కేంద్రప్రభుత్వము 1989లో కనీసార్హతలను ప్రకటించినది. ఆటోమొబైలు లేక మెకానికల్ ఇంజనీరింగులో మూడు సంవత్సరముల డిప్లొమా ఉండవలెనని, అది చాలదని, పెట్రోలు డీసెలు ఇంజనులు గల తేలిక బండ్లను, బరువు లారీలను, బస్సులను మరమ్మతు చేయు పేరుగల వర్క్‌షాపులో కనీసము ఒక సంవత్సరము పనిచేసియుండవలెనని ఆ ప్రకటన నిర్దేశించినది. అందుచే ఆ పదవిని కోరు యువకులు పట్టా చేతబట్టుకొని షెడ్డునకు పోయి, సంవత్సరముపాటు పనిచేసి, పనిచేసినట్లు యజమానిచేత వ్రాయించుకొని రావలసియుండెను. ఆ వ్రాసి ఇచ్చు యజమాని ఏమి చదివియుండవలెనో ఆ ప్రకటనలో ఒక్క మాటయు లేదు.